మోకాళ్ల బల్లకు మూడో పూత

మా విజయవాడ ఆటోనగర్లో కార్ల సీట్లు కుట్టే నాసిర్ అనే మనిషి, ఒక ఆగస్టు నెల పొద్దున మూడు వందల మంది క్రైస్తవులను రెండు గంటల సేపు మోకాళ్ల మీద కదలకుండా నిలబెట్టాడు. చేతిలో బెత్తం లేదు, నోట్లోంచి ఒక్క మాట రాలేదు. అసలా పూజ సాగినంతసేపూ అతను గుడి లోపలికే అడుగుపెట్టలేదు. బయట వరండాలో, చెప్పుల వరస పక్కన, పెళ్ళాంతో కూతురితో నిలబడి ఉన్నాడు.

సరే, రెండు గంటలు కాదు. నలభై నిమిషాలు. మూడు వందలు అన్నది కూడా నేను లెక్కపెట్టిన లెక్క కాబట్టి ఓ ముప్ఫై నలభై కొట్టేసుకోండి. నిజంగా కదల్లేకపోయినవాళ్ళు ఇరవై ఎనిమిది మందే. తక్కినవాళ్ళు కదలగలిగీ కదల్లేదు. ఎందుకో తర్వాత చెబుతాను. కానీ నాసిర్ ఉన్నమాట నిజం, అతని గమ్ము ఉన్నమాట నిజం, ఆ పొద్దున గుడి చివరి బల్ల మీద నేను కూర్చున్నమాట అంతకంటే నిజం.

నాసిర్ వాళ్ళ నాన్న బందరులో జట్కాలకు మెత్తలు కుట్టేవాడు. కొబ్బరిపీచు కూరి, పైన గోనె కప్పి, చుట్టూ మేకులు కొట్టేవాడు. జట్కాలు పోయి రిక్షాలు వచ్చాయి, రిక్షాలకు కుట్టాడు. ఆయన పోయాక నాసిర్ విజయవాడ వచ్చి ఆటోనగర్లో రేకుల షెడ్డు వేసుకున్నాడు. అప్పటికి పీచు పోయి ఫోము వచ్చింది, మేకు పోయి గమ్ము వచ్చింది. తండ్రీకొడుకుల మధ్య అంతే తేడా. "మేకు ఊడితే కనపడుద్ది బాబాయ్. గమ్ము ఊడేదాకా కనపడదు. అందుకే గమ్ము పని చేసేవాడికి నిద్ర తక్కువ," అనేవాడు నాతో. నా స్కూటరు సీటు కుట్టించుకోవడానికి వెళ్ళిన రోజు నుంచీ నేనతనికి బాబాయిని.

ఆ బాబాయిరికం ఊరికే రాలేదు. నాసిర్ ఉర్దూ మాట్లాడతాడు, తెలుగు కూడబలుక్కుని చదువుతాడు, ఇంగ్లీషు అక్షరం మాత్రం రాదు. గమ్ము డబ్బాలన్నీ ఇంగ్లీషులోనే మాట్లాడతాయి. ఒకసారి ఏదో డబ్బా కొత్తగా వచ్చిందని ఫోముకి కొడితే, ఆ ఫోము వేడి నీళ్ళలో వేసిన పంచదార చిలకలాగా కళ్ళముందే కరిగిపోయిందట. ఫోముకి వాడవద్దని డబ్బా మీదే రాసి ఉంది, పాపం, చదివేవాడు లేడు. ఆ రోజు నుంచి కొత్త డబ్బా వస్తే సైకిలెక్కి నా దగ్గరికి తెచ్చేవాడు. నేను చిన్నప్పుడు కాన్వెంటులో ఐదో తరగతి దాకా సిస్టర్ల చేత మొట్టికాయలు తిని ఇంగ్లీషు నేర్చుకున్నవాడిని. డబ్బా చేతిలోకి తీసుకుని, గొంతు సవరించుకుని, చదివి చెప్పేవాడిని.

తొంభై ఎనిమిది జూన్లో నాసిర్ కూతురు ఇల్మాకు ఆరేళ్ళు నిండాయి. నేను చదివిన కాన్వెంటులోనే ఒకటో తరగతిలో వేయాలని అతని కోరిక. ఆ కాన్వెంటు ఏ పేటలో ఉందో చెప్పను. అక్కడి సిస్టర్లకు నన్ను మోకాళ్ల మీద నిలబెట్టే అధికారం ఇంకా పోలేదని నా నమ్మకం.

"అంత దూరం ఎందుకయ్యా, మీ వీధిలోనే బడి ఉందిగా," అన్నాను.

"వీధిలో బడి ఉంది బాబాయ్, ఇంగ్లీషు లేదు. డబ్బా మీద ఏం రాశాడో నా కూతురు చదవాలి. ప్రతిసారీ సైకిలేసుకుని మీ ఇంటికి రాలేను కదా."

"నేనేమన్నా విసుక్కున్నానా?"

"మీరు విసుక్కోరు. కానీ మీరు చదివినప్పుడు డబ్బా మీద నాలుగు లైన్లుంటే, మీ నోట్లోంచి పది లైన్లొస్తాయి. నాకు అక్షరాలు రావు గానీ లైన్లు లెక్కపెట్టడం వచ్చు."



జూన్లో వెళితే సీట్లు నిండిపోయాయన్నారు. నాసిర్ మొహం చిన్నబోయింది. కానీ ఆగస్టు మొదటి వారంలో ఒకటో తరగతి పిల్ల ఒకతి తండ్రి బదిలీ మీద బడి మారింది. ఒక్క ఖాళీ. ఆ కబురు నాకు తెలియగానే నాసిర్‌ని వెంటబెట్టుకుని వెళ్ళాను. ప్రధానోపాధ్యాయురాలు సిస్టర్ ఎలిజబెత్. మనిషి సన్నగా, కొవ్వొత్తిలా ఉండేది. మాట కూడా కొవ్వొత్తిలాగే నెమ్మదిగా ఉండేది, దగ్గరికి వెళితే చురుక్కుమనేది.

ఆమె దరఖాస్తు చదివింది. తండ్రి వృత్తి దగ్గర వేలు ఆగింది.

"కుషన్ పనా? చెక్కకి ఫోము అతికిస్తారా?"

"అతికిస్తానమ్మా."

"ఊడకుండా?"

నాసిర్ ఒక్క క్షణం నా వైపు చూసి, "ఊడకుండానే అమ్మా," అన్నాడు.

ఆమె మమ్మల్ని గుడిలోకి తీసుకెళ్ళింది. కాన్వెంటు ఆవరణలోనే చిన్న గుడి. ఆడవాళ్ళ వైపు ఇరవై బల్లలు, మగవాళ్ళ వైపు ఇరవై. ప్రతి బల్ల ముందూ, ఆ వరసవాళ్ళు మోకరించడానికి పొడుగాటి చెక్క. ఆ చెక్కలకు ఎవరో వడ్రంగి ఎప్పుడో ఫోము అతికించాడు. ఎండకి గమ్ము ఎండిపోయి ఫోము నాలుకల్లాగా వేలాడుతోంది. ఈస్టరు నాడు హాస్టల్ వంటమనిషి శౌరమ్మ కాలు అందులో ఇరుక్కుని ముందు వరస మీద పడిందట. శౌరమ్మ ఒకరి మీద పడడమంటే చిన్న విషయం కాదు. ఆమె గంగాళం ఒంటిచేత్తో దించే మనిషి.

"పదిహేనో తారీఖు మరియమాత పండగ," అంది సిస్టర్. "హనుమాన్ జంక్షన్ వైపు నుంచి ఫాదర్ ఏసుపాదం గారు పూజకి వస్తున్నారు. ఆలోపు అయిపోవాలి. ఇంకోసారి ఊడకూడదు."

"మరి పాప సంగతి..." అన్నాను నేను.

"పండగ అయ్యాక మాట్లాడదాం."

బయటికి వచ్చాక నాసిర్ మెల్లగా అన్నాడు: "అర్థమైంది బాబాయ్. ఎంట్రన్సు పరీక్ష పిల్లకి కాదు, నాకు."

నిజానికి సిస్టర్ అలాంటి మాటేమీ అనలేదు. కానీ ఆ పరీక్ష తనదేనని నాసిర్ తీర్మానించుకున్నాడు. ఆ సాయంత్రం నుంచి అతనికి తిండి మీద ధ్యాస లేదు. ధ్యాసంతా ఒక్కటే: ఏ గమ్ము?

మూడు డబ్బాలు ముందు పెట్టుకున్నాడు. మొదటిది బ్రష్షుతో పూసే పసుపుపచ్చ సొల్యూషను, ఊళ్ళో అందరూ వాడేది. రెండోది మీట నొక్కితే బుస్సుమనే చిన్న డబ్బా, ఫోటో ఫ్రేములు కట్టే మిత్రుడు మద్రాసు నుంచి తెప్పించింది. మూడోది హైదరాబాదు నుంచి వచ్చిన పెద్ద డబ్బా. గన్నులో పోసి, కంప్రెసరు గాలితో మంచులాగా చిమ్మాలి. కారు లోపలి కప్పుకి గుడ్డ అతికించడానికి దాన్ని కొత్తగా తెప్పించాడు.

మామూలు మనిషైతే మూడిట్లో గట్టిదేదో అంగడివాడిని అడిగి ఊరుకుంటాడు. నాసిర్ అంగడివాడిని నమ్మడు, ఎండని నమ్ముతాడు. అతని షెడ్డు ముందు ఎప్పుడూ ఏదో ఒక కారు కప్పు బాగుకోసం అద్దాలు మూసుకుని ఎండలో ఉంటుంది. ఆ కారే అతని ప్రయోగశాల. ఆ వారం అక్కడున్నది ఉయ్యూరు చెరకు రైతు తిరుపతిరావు గారి అంబాసిడర్. ఆయన కారు లోపలి కప్పు గుడ్డ మే నెల ఎండకి జారి ఆయన నెత్తిమీద గొడుగులాగా దిగింది.

మూడు చెక్కముక్కలకు మూడు గమ్ములతో ఫోము అతికించి, ఫోము కిందికి ఉండేలా కారు కప్పుకి కట్టి, ప్రతి ముక్కకీ దబ్బనంతో దారం గుచ్చి అరకిలో రాయి వేలాడదీశాడు. వాన రెండు రోజులు సెలవు పెట్టింది. ఎండ ఫెళ్ళున కాసింది. ఆ కారులో చెయ్యి పెడితే చెయ్యి ఉడికేలా ఉంది.

మధ్యాహ్నానికి చిన్న డబ్బా గమ్ము చేతులెత్తేసింది. రాయి, ఫోము రెండూ సీటు మీద ఉన్నాయి. పసుపు సొల్యూషను పట్టు విడవలేదు గానీ, ఫోము దాన్ని తాగేసి అడుగున అప్పడంలాగా బిగుసుకుపోయింది. నాసిర్ దాని మీద మోకాలు పెట్టి చూసి పెదవి విరిచాడు. "ఇది వేస్తే దేవుడు గుర్తు రాడు బాబాయ్, మోకాలే గుర్తొస్తుంది." మూడోది మెత్తగా ఉంది, గట్టిగానూ ఉంది. రాయిని పట్టుకుని నేను వేలాడినా రాలేదు. సరే, వేలాడలేదు. గట్టిగా లాగాను.

అప్పటికీ నాసిర్‌కు తృప్తి లేదు. ఇంకో చెక్కకు అదే గమ్ము కొట్టి, ఆరడానికి కారు వెనక సీటు మీద పెట్టి, నాతో టీ తాగడానికి వచ్చాడు. ఈలోగా తిరుపతిరావు గారు ఉయ్యూరు బస్సు దిగి, నేరుగా వచ్చి, తన కారు తలుపు తనే తీసుకుని, తన సీటు మీద తను కూర్చున్నారు.

మేము వచ్చేసరికి ఆయన దిగాలని చూస్తున్నారు. మనిషి లేస్తున్నారు గానీ పంచె లేవడం లేదు.

"ఏవయ్యా నాసిరూ, ఏం పెట్టావయ్యా ఇక్కడ? బెల్లం పాకమా?"

"అయ్యయ్యో, కదలమాకండి తిరుపతిరావు గారూ, నిదానంగా..."

ఆయన నిదానం మనిషి కారు. ఒక్క ఊపు ఊపారు. చెక్క ఊడలేదు, పంచె ఊడింది. రెండు మూరల గ్లాస్కో పంచెగుడ్డ చెక్కకే ఉండిపోయింది. నాసిర్ పరుగెత్తుకెళ్ళి ఒక రెక్సిన్ ముక్క తెచ్చి ఆయన నడుముకు చుట్టాడు. ఎర్రటి రెక్సిన్. ఇక తిడతారనుకుని మేమిద్దరం తల వంచుకుంటే, ఆయన ఆ చెక్క చేతిలోకి తీసుకుని, గుడ్డని పట్టి లాగి, మళ్ళీ లాగి, కళ్ళు పెద్దవి చేశారు.

"ఓరి నీ దుంపతెగ! ఇదీ గమ్మంటే! నా కారు కప్పుకి ఇదే కొట్టు. ఇంకోటి కొట్టావో, ఊరుకోను."

ఇక్కడే మేమిద్దరం పొరబడ్డాం. బుద్ధిమంతులైతే పంచెను చూసి ఏమనుకోవాలి? ఈ గమ్ము తడిగా ఉన్నప్పుడు మనిషి కూర్చోకూడదని అనుకోవాలి. మేమేమనుకున్నాం? ఇంతకంటే గొప్ప సర్టిఫికెట్ లేదనుకున్నాం. నాసిర్ ఆ పంచె ముక్కను షెడ్డు గోడకు తగిలించాడు కూడా.

ఆ రాత్రికి రాత్రే కాదు గానీ, మర్నాడు పొద్దున్నే, ఆ పెద్ద డబ్బా సైకిలు వెనక కట్టుకుని మా ఇంటికి వచ్చాడు. "చదవండి బాబాయ్. ఒక్క ముక్క వదలకుండా."

ఇప్పుడొక నేరం ఒప్పుకోవాలి. నా చదువుకునే అద్దాలు కాడ విరిగి, ఆ వారం బాగుకోసం కొట్లో ఉన్నాయి. డబ్బా మీద పెద్ద అక్షరాలు కనిపించాయి: ఫోము, గుడ్డ, చెక్క, రెండు వైపులా చిమ్మాలి, ఆరనివ్వాలి. దాని కింద చీమల బారులాంటి అక్షరాలు ఐదు వరసలు. అవి నాకు చీమల్లాగే కనిపించాయి. అద్దాలు లేవని చెప్పొచ్చు. కానీ కాన్వెంటులో చదివినవాడు వంటింటి గుమ్మంలో భార్య చూస్తుండగా ఇంగ్లీషు ముందు ఓడిపోవడం ఎలా? గొంతు సవరించుకున్నాను.

"ఒక పూత మంచిది, రెండు పూతలు మరీ మంచిది, బరువు పడే చోట మూడు పూతలు శ్రేష్ఠం అంటున్నాడు."

"శ్రేష్ఠం అని రాశాడా?"

"ఇంగ్లీషులో రాశాడు."

మా ఆవిడ సీతారావమ్మ పోపు మాడుతున్నా లోపలికి వెళ్ళకుండా నన్నే చూస్తోంది. నేను ఆమె వైపు చూడలేదు.

పదమూడో తారీఖు నాసిర్ పని మొదలుపెట్టాడు. ఆ రోజే వానా మొదలైంది. కృష్ణ వైపు నుంచి తడిగాలి. గోడలు చెమటలు పట్టాయి. వాన జల్లు లోపలికి కొడుతోందని కిటికీలు మూశారు. పైన గుడ్డ సంగతిలో చిన్న వాదం జరిగింది. నాసిర్ రెక్సిన్ వేద్దామన్నాడు. సిస్టర్ ఎలిజబెత్ వద్దంది.

"హాస్టల్ పిల్లలవి గౌన్లు. చెమటకి రెక్సిన్ మోకాళ్లకి అంటుకుంటుంది. నూలుగుడ్డ వేయండి."

అంటుకుంటుందని! ఆ మాట అన్నది ఆమేనని నేను తర్వాత ఎప్పుడూ ఆమెకు గుర్తు చేయలేదు.

నాసిర్ పద్ధతి ఇది. చెక్కకు చిమ్ముతాడు, ఫోముకు చిమ్ముతాడు, ఆగుతాడు. కాసేపటికి వేలిని వంచి, కణుపు వెనక వైపుతో తాకుతాడు. గమ్ము కణుపుకు అంటకపోతే, అప్పుడు రెండూ కలిపి ఒత్తుతాడు. "ఇంక అంటదు అనిపించినప్పుడే బాగా అంటుద్ది బాబాయ్," అనేవాడు. ఆ వేలు పాతికేళ్ళలో ఎన్నడూ అబద్ధం చెప్పలేదు. కానీ అది ఎండలో నేర్చుకున్న వేలు. ఆ తడిగాలిలో గమ్ము పైన పాల మీద మీగడలాగా పొర కట్టింది, లోపల పచ్చిగానే ఉంది. వేలు పైపొరను తాకి, ఆరిందని చెప్పింది.

రెండు పూతలతో నలభై బల్లలూ పూర్తయ్యాయి. గమ్ము ఫోము కిందే ఉంది కాబట్టి వాటికి ఏ దోషమూ లేదు. పధ్నాలుగో తారీఖు సాయంత్రం సిస్టర్ ఎలిజబెత్ వచ్చి చూసి, తల పంకించి, వెళుతూ వెళుతూ ఒక మాట వదిలింది. "ముందు వరసలు జాగ్రత్త. పెద్దవాళ్ళు మోకరించేది అక్కడే. పాత ఫోము మొదట ఊడింది కూడా అక్కడే."

బరువు పడే చోట మూడు పూతలు శ్రేష్ఠం. నాసిర్‌కు నా మాటే గుర్తొచ్చింది. ముందరి నాలుగు బల్లలకు, ఆడవాళ్ళ వైపు రెండు, మగవాళ్ళ వైపు రెండు, పైగుడ్డ విప్పి, డబ్బా అడుగున మిగిలిందంతా ఫోము మీద చిమ్మాడు. వేలితో చూశాడు. వేలు ఆరిందంది. మళ్ళీ గుడ్డ పరిచాడు.

పదిహేనో తారీఖు పొద్దున ఏడు గంటలకు పూజ. ఎనిమిదిన్నరకు మైదానంలో జెండా ఎగరేయాలి. పాత విద్యార్థినని నన్నూ పిలిచారు. మగవాళ్ళ వైపు చివరి బల్ల మీద కూర్చున్నాను. నాసిర్, అతని భార్య సాలేహా, కొత్త గౌను వేసుకున్న ఇల్మా వరండాలో నిలబడ్డారు. పూజ అయ్యాక సిస్టర్ మాట్లాడతానంది కదా.

ఫాదర్ ఏసుపాదం గారు బక్కపల్చటి పెద్దాయన. ఆయనకు జీవితంలో ఒక్కటే బాధ, విశ్వాసులు మోకరించడం ఇష్టంలేనట్టు మోకరిస్తారని. ఆ రోజు ప్రసంగంలోనూ అదే చెప్పారు. "ఈ కాలం మోకాళ్లకి స్ప్రింగులున్నాయి. ఇలా ఆనించి అలా లేస్తారు!"

ప్రసంగం అయింది. గంట మోగింది. అందరూ మోకరించారు. గుడి నిండా చొక్కాల, చీరల గలగల ఒక్కసారి లేచి ఆగిపోయింది. ఇరవై ఎనిమిది మంది బరువు ముందరి నాలుగు చెక్కల మీద పడింది. ఒంటి వేడి కింద పైపొర చిట్లింది. లోపలి పచ్చి గమ్ము నూలుగుడ్డలోంచి మెల్లగా పైకి వచ్చి, చీరలనీ ప్యాంట్లనీ పలకరించింది.

మళ్ళీ గంట మోగింది. లేవాలి. ఎవరూ లేవలేదు.

ఇక్కడ గుడి మర్యాద ఒకటి చెప్పాలి. వెనక కూర్చున్నవాళ్ళు పుస్తకం చూసి లేవరు; ముందు వరస లేస్తే లేస్తారు, కూర్చుంటే కూర్చుంటారు. ముందు వరసలో సిస్టర్లుంటారు కాబట్టి వాళ్ళకు తప్పు రాదని నమ్మకం. నేను చిన్నప్పటి నుంచీ అలాగే నెట్టుకొచ్చాను. ఆ రోజు ముందు వరస లేవలేదు. కాబట్టి రెండో వరస, మూడో వరస, ఇరవయ్యో వరస, ఏదీ లేవలేదు. సిస్టర్ ఎలిజబెత్ వీపు మాత్రం నాకు కనిపిస్తోంది. ఆ వీపు ఒకసారి లేవబోయి ఆగింది. మళ్ళీ లేవబోయి ఆగింది. తర్వాత నిటారుగా, ప్రార్థనలో మునిగినట్టు నిలిచిపోయింది. ఆమె పక్కన ఉన్నవాళ్ళూ అంతే. ఎవరికి వాళ్ళు, అంటుకున్నది తామొక్కరేననుకుని, పక్కవాళ్ళది భక్తి అనుకున్నారు.

ఫాదర్ ఏసుపాదం గారు తల ఎత్తి చూశారు. మూడు వందల మంది మోకాళ్ల మీద ఉన్నారు. కొంచెం ఆగారు. ఎవరూ కదల్లేదు. 

"నా ముప్ఫై ఏళ్ళ గురుజీవితంలో..." అని మొదలుపెట్టి, కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, పుస్తకంలో లేని ప్రార్థనలు కూడా అందుకున్నారు. రైతుల కోసం, కాలవల కోసం, పరీక్ష తప్పిన పిల్లల కోసం, ఆర్టీసీ డ్రైవర్ల కోసం. సత్ప్రసాదమనే అప్పం అందుకోవడానికి ఎవరూ వరస కట్టి రాకపోతే, ఆయనే దిగి ఒక్కొక్కరి దగ్గరికీ వచ్చారు. పాపం, వెనకవాళ్ళ మోకాళ్లు వణుకుతున్నాయి. నా పక్కాయన నా చెవిలో, "ఏంటండీ, ఇవాళేమన్నా కొత్త పద్ధతా?" అన్నాడు. "అయ్యుంటుంది," అన్నాను. నాకప్పటికి అనుమానం తగిలింది. చీమల బారుల్లాంటి ఆ ఐదు వరసలు కళ్ళముందు పాకడం మొదలుపెట్టాయి.

ఎనిమిదిన్నర దాటింది. మైదానంలో పిల్లలు జెండా కర్ర చుట్టూ నిలబడి ఉన్నారు. పూజ ముగిసింది. ఫాదర్ వస్త్రాలు మార్చుకోవడానికి పక్క గదిలోకి వెళ్ళారు. అప్పుడు శౌరమ్మ ఇంక ఆగలేకపోయింది.

"అమ్మా సిస్టరమ్మా, నాకు పొయ్యి మీద ఉప్మా ఉంది!" అని కేకేసి, రెండు చేతులూ ముందు బల్ల మీద ఆనించి లేచింది. చర్రుమంది. చెక్క, ఫోము అలాగే ఉన్నాయి. చీర కుచ్చెళ్ళు మాత్రం జానెడు మేర వాటితోనే ఉండిపోయాయి. శౌరమ్మ కిందికి చూసుకుని మళ్ళీ మోకాళ్ల మీద కూలబడింది. "ఏసయ్యా! నన్ను కుట్టేశారు!"

అప్పుడు గుడి అంతటా ఒక నిట్టూర్పు వినిపించింది. ఇరవై ఏడు మంది, తాము ఒంటరివాళ్ళం కామని తెలుసుకున్న నిట్టూర్పు.

వరండాలో నాసిర్ మొహం గోడకు కొట్టే సున్నంలా పాలిపోయింది. అతని చెయ్యి ఇల్మా భుజం మీద ఉంది. "అయిపోయింది బాబాయ్," అన్నాడు, నేను బయటికి పరుగెత్తుకు రాగానే. "పిల్ల చదువు ఆ చెక్కకి అంటుకుపోయింది."

"థిన్నరు లేదా?"

"లోపల కొవ్వొత్తులు వెలుగుతున్నాయి. థిన్నరు పోస్తే అందర్నీ ఒకేసారి స్వర్గానికి పంపినట్టే."

ఇంతలో సాలేహా అతని చొక్కా పట్టుకుని లాగింది.  "రోజూ సాయంత్రం మీ చేతులు దేంతో కడుగుతాను?" అంది.

కొబ్బరినూనె! పన్నెండేళ్ళుగా ప్రతి సాయంత్రం గమ్ము నిండిన ఆ చేతులను ఆమె కొబ్బరినూనెతోనే వదిలిస్తోంది. హాస్టల్ పిల్లల పెట్టెల్లోంచి సీసాలు వచ్చాయి. బుర్ఖా చేతులు పైకి మడిచి సాలేహా ఆడవాళ్ళ బల్లల మధ్య కూర్చుంది. నాసిర్ మగవాళ్ళ వైపు దూరాడు. మోకాలి చుట్టూ నూనె పోయడం, వేలితో అంచు లేపడం, మళ్ళీ పోయడం.

అదే సమయానికి ఫాదర్ ఏసుపాదం గారు పక్క గదిలోంచి తిరిగి వచ్చారు. ముందు వరసలవాళ్ళు ఇంకా మోకాళ్ల మీదే. మధ్యలో బుర్ఖా వేసుకున్న ఒకావిడ.

"ఆ తల్లి ఏం చేస్తోంది?" అని నన్ను అడిగారు, సీసాలు అందిస్తూ దగ్గరగా ఉన్నవాడిని నేనే కాబట్టి.

నా నోరు ఊరుకోదు. "ఇంతసేపు మోకరించారు కదా ఫాదర్. మోకాళ్లు పట్టేస్తాయని నూనె రాస్తోంది."

పెద్దాయన స్తంభానికి ఆనుకుని ఏడ్చేశారు. "ఒక ముస్లిం తల్లి..." అంటూ వెళ్ళి సాలేహా తల మీద చెయ్యి పెట్టి దీవించారు. సాలేహా చేతిలో సిస్టర్ ఎలిజబెత్ మోకాలు ఉంది.

తొమ్మిదీ పదికి జెండా ఎగిరింది. ఇరవై ఎనిమిది మంది నూనె మరకలతో వందనం చేశారు. ఫాదర్ అక్కడ కూడా మాట్లాడారు. ఇలాంటి భక్తిని తానెక్కడా చూడలేదనీ, ముందు వరస పెద్దలు ఊరందరికీ ఆదర్శమనీ చెప్పారు. ముందు వరస పెద్దలు తల వంచుకుని విన్నారు. అంత పొగడ్త విన్నాక, అది భక్తి కాదు గమ్ము అని ఏ మనిషి చెప్పుకుంటాడు? ఆ ఇరవై ఎనిమిది మందిలో ఒక్కరు కూడా ఇవాళ్టి దాకా నోరు విప్పలేదు.

తర్వాత సిస్టర్ ఎలిజబెత్ మమ్మల్ని గదిలోకి పిలిచింది. నాసిర్ గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. ఆమె తెల్లని దుస్తుల మీద రెండు గుండ్రని నూనె మచ్చలున్నాయి. దరఖాస్తు మళ్ళీ ముందుకు లాక్కుంది.

"నాసిర్ గారూ, ఇవాళ పొద్దున గుడిలో ఏం జరిగింది?"

నాసిర్ నా వైపు చూడలేదు. కూతురి వైపు చూశాడు. తర్వాత ఆ నూనె మచ్చల వైపు చూశాడు.

"ఏం జరిగిందమ్మా? పూజ జరిగింది."

"ఇంకేం జరగలేదు కదా?"

"ఏమీ జరగలేదమ్మా."

సిస్టర్ కలం తీసి సంతకం చేసింది. "పాపని సోమవారం నుంచి పంపించండి. ముందరి నాలుగు బల్లలకి..." అని ఆగి, కిటికీలోంచి బయటికి చూస్తూ, "రెక్సిన్ వేయండి," అంది.

ఇల్మా చదువు బాగా సాగింది. మూడో తరగతిలో ఉండగా ఒక రోజు షెడ్డులో మూల పడి ఉన్న ఆ పాత డబ్బాను ముందు పెట్టుకుని, అక్షరం అక్షరం కూడబలుక్కుని గట్టిగా చదవడం మొదలుపెట్టింది. నేను అప్పుడే టీ గ్లాసు అందుకున్నాను.

"పలచగా ఒక్క పూతే వేయాలి... తడి వాతావరణంలో వాడకూడదు... నాన్నా, మూడు పూతలని ఎక్కడా లేదు."

నాసిర్ దబ్బనం పక్కన పెట్టి, నా వైపు ఒకసారి చూశాడు. తర్వాత చాలా మర్యాదగా, "బాబాయ్, మీ స్కూటరు సీటు పాతబడింది. వదిలి వెళ్ళండి, కొత్తది వేసిస్తా," అన్నాడు.

మర్నాడు వాన తుంపర పడుతుంటే ఆ సీటు మీద ఇంటికి వచ్చాను. గుమ్మం ముందు ఆపి దిగబోయాను. నేను దిగాను గానీ నా ప్యాంటు దిగలేదు. సీతారావమ్మ కొబ్బరినూనె సీసాతో వచ్చి, నా చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, "శ్రేష్ఠం," అంది.

ఇదంతా రాసి, నిన్న ఆటోనగర్ వెళ్ళి నాసిర్‌కు చదివి వినిపించాను. ఇప్పుడతని గడ్డం తెల్లబడింది. పని ఆపకుండా మొదటి నుంచి చివరిదాకా విన్నాడు. ఫోము మీద చిమ్మిన గమ్మును వేలి కణుపుతో తాకి చూసుకుని, తల అడ్డంగా ఊపాడు.

"ఒక్క ముక్క కూడా నిజం కాదు బాబాయ్. ఆ రోజు నేను బందరులో ఉన్నా. ఆ కాన్వెంటు ఎక్కడుందో నాకు తెలవదు. తిరుపతిరావు గారని నాకెవరూ లేరు."

"మరి గోడకి ఆ పంచె ముక్క?"

"అది తుడుచుకునే గుడ్డ."

"నా స్కూటరు సీటో?"

"మీకు స్కూటరెక్కడిది బాబాయ్?" అన్నాడు నాసిర్.